మాట దక్కని అభినయం: రోమన్ శిల్పంలో పరాయి జాతులు

రోమ్ నగరంలో కొలోసియం పక్కనే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి విజయతోరణం ఉంది. క్రీ.శ. 315లో దాన్ని నిలబెట్టినప్పుడు స్తంభాల పైన ఎనిమిది డేసియన్ విగ్రహాలను ఎక్కించారు. అవి ఆ తోరణం కోసం చెక్కినవి కావు. అంతకు రెండు వందల ఏళ్ల క్రితం ట్రాజన్ చక్రవర్తి డేసియాను, అంటే నేటి రుమేనియా ప్రాంతాన్ని, జయించి కట్టించిన 'ఫోరం' అనే సభాప్రాంగణం నుంచి అవి వచ్చాయని పండితులు భావిస్తారు. ఊదారంగు చారల పాలరాయి, భుజాల మీద బరువైన ఉత్తరీయం, కాళ్లకు పొడవు లాగు, పొట్ట ముందు ఒకదానిపై ఒకటి వేసుకున్న చేతులు. ఇవాళ మనకు కనిపించే తలలు మాత్రం 18వ శతాబ్దంలో చెక్కి అతికించినవి. డేసియన్లను ఓడించినవాడు ట్రాజన్. కాన్‌స్టాంటైన్ ఓడించింది మాక్సెంటియస్‌ను, అంటే తనలాంటి మరో రోమన్‌ను. అయినా ఆ పాత బందీలు కొత్త తోరణం మీద చక్కగా ఇమిడిపోయారు. తలలు పోయాక వేరే తలలు పెట్టినా ఆ బొమ్మల అర్థం చెక్కుచెదరలేదు. ఒక జాతి బొమ్మ ఇంత తేలిగ్గా చేతులు మారగలిగిందంటే, అందులో నిజంగా చెక్కినది ఏమిటి? రోమన్ కళ పరాయి జాతులను ఎలా చూసిందన్న పెద్ద ప్రశ్నకు ఇక్కడి నుంచి బయలుదేరడం మంచిది.

ఈ ప్రశ్న మీద చర్చ చాలాకాలంగా రెండు గట్ల మధ్య నడుస్తోంది. ఒక గట్టున ఉన్నవారు రోమన్ కళలో జయించినవాడి అహంకారాన్ని చూస్తారు. సంకెళ్లు, మోకాళ్లు, గుర్రపు డెక్కల కింద నలిగే దేహాలు వారి సాక్ష్యం. రెండో గట్టున ఉన్నవారు అదే కళలో ఔదార్యాన్ని చూస్తారు. మరణిస్తున్న గాల్ వీరుడి ముఖంలోని గాంభీర్యం, డేసియన్ రాజు డెసెబాలస్ ఆత్మాభిమానం, ఆఫ్రికాలో పుట్టి చక్రవర్తి అయిన సెప్టిమియస్ సెవెరస్ వారి సాక్ష్యం. రెండు పక్షాల సాక్ష్యాలూ నిజమైనవే. చిక్కు ప్రశ్నలో ఉంది. 'గౌరవమా, అవమానమా' అని అడిగితే ప్రతి శిల్పమూ అటో ఇటో మొగ్గుతుంది తప్ప, అన్నీ కలిసి ఏం చెబుతున్నాయో తేలదు. రోమన్ కళ పరాయివాడి స్వభావాన్ని చిత్రించడానికి పూనుకోలేదని, రోమ్‌తో అతని సంబంధాన్ని చిత్రించడానికే పూనుకుందని నా వాదన. అతనికి వేషం ఇచ్చింది, భంగిమ ఇచ్చింది, భావం కూడా ఇచ్చింది. ఆపి ఉంచింది మాటను.

ఈ విభజన మన నాట్యశాస్త్రం పాఠకులకు పరిచయం చేసినదే. అభినయం నాలుగు విధాలు: వేషభూషలతో చేసేది ఆహార్యం, అవయవాల కదలికతో చేసేది ఆంగికం, లోపలి భావం దేహంలో పొంగి కనిపించేది సాత్త్వికం, మాటతో చేసేది వాచికం. రోమన్ శిల్పులకు ఈ శాస్త్రం తెలియదు. రాతిబొమ్మ ఎలాగూ మాట్లాడదు కాబట్టి వాచికం ప్రస్తావన ఇక్కడ అసంగతమని ఎవరైనా అనవచ్చు. కానీ రోమన్ ప్రపంచంలో రాయి మాట్లాడేది. శాసనం దాని నోరు. ఎవరి పేరు చెక్కారు, ఎవరి భాషలో చెక్కారు, ఎవరి గురించి ఎవరు చెప్పారు అన్నదే శిల్పానికి వాచికం. 'బర్బరుడు' అన్న మాట పుట్టుక కూడా ఇక్కడే ఉంది. తమకు అర్థంకాని పలుకు 'బర్ బర్' మనే శబ్దంలా వినిపించి గ్రీకులు పరాయివాళ్లకు ఆ పేరు పెట్టారు, రోమన్లు దాన్ని అందుకున్నారు. అంటే పరాయితనానికి తొలి గుర్తు రంగు కాదు, రూపం కాదు, మాటగా లెక్కకురాని మాట.

ముందు ఆహార్యం. రోమన్ శిల్పులు పరాయి జాతులను గుర్తుపట్టించడానికి తక్కువ గుర్తులతో పని కానిచ్చేవారు. మెడలో మెలితిప్పిన లోహపు కడియం, మీసం, బిరుసైన జుట్టు కనిపిస్తే గాల్. ముందుకు వంగిన మెత్తని టోపీ, చేతులు కప్పే అంగీ, లాగు ఉంటే పార్థియన్ లేదా మరో తూర్పుదేశీయుడు. గడ్డంతో పాటు తలకు గుడ్డటోపీ ఉంటే డేసియన్ కులీనుడు, ఒట్టి జుట్టు ఉంటే సామాన్యుడు. తల పక్కన ముడివేసిన జుట్టు జర్మానిక్ తెగలవాడికి. రాతి రంగు కూడా ఆహార్యంలో భాగమైంది. చక్రవర్తి విగ్రహానికి తెల్ల పాలరాయి వాడిన చోట, తూర్పుదేశపు బందీకి చారల పాలరాయి, ఆఫ్రికా మనిషికి నల్లరాయి ఎంచుకోవడం కనిపిస్తుంది. చూసేవాడికి చదువు అక్కర్లేదు. వీధినాటకంలో కిరీటం చూసి రాజును, కావి చూసి సన్యాసిని పోల్చుకున్నట్టే జాతిని పోల్చుకుంటాడు. అయితే ఈ గుర్తుల హద్దులు శిల్పులు చూపినంత గట్టివి కావు. బర్బర చిహ్నమని ఎంచిన లాగునే పొట్టిగా చేసి రోమన్ సైనికులు తొడుక్కున్నారు. ట్రాజన్ స్తంభం మీద అది స్పష్టంగా కనిపిస్తుంది.

అందువల్ల ఈ శిల్పాలను జానపద మ్యూజియంలోని దుస్తుల నమూనాల్లా చదవడం ప్రమాదం. క్రీ.శ. 113లో ప్రతిష్ఠించిన ట్రాజన్ స్తంభం చుట్టూ దాదాపు 200 మీటర్ల పొడవున శిల్పపట్టిక మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అందులో రెండున్నర వేలకు పైగా మనుషుల బొమ్మలున్నాయి. 101–102, 105–106 సంవత్సరాల డేసియన్ యుద్ధాలకు దాన్ని ప్రత్యక్ష నివేదికగా తీసుకున్నవారు ఎందరో. కానీ ఆ యుద్ధాల స్మారకంగానే నేటి రుమేనియాలోని ఆడమ్‌క్లిసిలో క్రీ.శ. 109లో కట్టిన మరో కట్టడం ఉంది. అక్కడి శిల్పఫలకాల్లో పనితనం మోటు. అయినా రెండు చేతులతో పట్టే డేసియన్ కొడవలికత్తి, దాని వేటు నుంచి కాపాడుకోవడానికి రోమన్ సైనికులు చేతికి తొడిగిన కవచం అక్కడే కనిపిస్తాయి, నగర స్తంభపు శిల్పపట్టికలో కనిపించవు. యుద్ధభూమి పక్కన ఉన్నవారికి శత్రువు చేతిలోని కత్తి ముఖ్యం. రాజధానిలో ఉన్నవారికి శత్రువు ఎవరో తెలిసేలా ఉంటే చాలు. చూసేవాడి అవసరమే చిత్రాన్ని నిర్ణయించిందనడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకడం కష్టం.

ఇది తెలియనితనం వల్ల వచ్చిన లోపమని, దూరదేశాల గురించి శిల్పులకు సమాచారం లేక మూసబొమ్మలు చేశారని ఒక వాదన ఉంది. దానికి భారతదేశమే జవాబు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' మన తూర్పుతీరంలోని మసాలియాను పేర్కొంటుంది. అది కృష్ణా ముఖద్వార ప్రాంతమని పండితులు గుర్తిస్తారు, అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారయ్యేదని ఆ గ్రంథం చెబుతుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండినాణేలు కుప్పగా దొరికాయి. పాంపేయీలో 1938లో బయటపడిన దంతపు స్త్రీమూర్తి భారతదేశంలో చెక్కినదే. అంటే సరుకు వెళ్లింది, డబ్బు వచ్చింది, రేవుల పేర్లు, బట్టల రకాలు, గాలుల వేళలు వాళ్లకు తెలుసు. కానీ రోమన్ కళలో ఆ నేతగాడు లేడు, ఆ వర్తకుడు లేడు. బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉన్న 2వ శతాబ్దపు రాతి శవపేటిక మీద మద్యదేవత బాకస్ భారతదేశాన్ని జయించి ఊరేగుతుంటాడు. వెంట ఏనుగులు, బందీలు. మరో మూడు నాలుగు శతాబ్దాల తర్వాత, పారిస్ లూవ్ర్‌లోని బార్బెరిని దంతఫలకం మీద చక్రవర్తి పాదాల దిగువన భారతీయులు కనిపిస్తారు. వాళ్ల వెంట ఏనుగు, పులి, చేతిలో దంతం. వ్యాపారికి తెలిసిన భారతదేశం వేరు, శిల్పానికి కావలసిన భారతదేశం వేరు. కప్పం తెచ్చేవాడిగా తప్ప భారతీయుడికి ఆ పటంలో చోటు లేదు కాబట్టి, అతని మగ్గం ఎంత తెలిసినా చెక్కలేదు.

ఆహార్యం 'ఎవరు' అన్నదానికి జవాబిస్తే, ఆంగికం 'రోమ్‌కు ఏమవుతారు' అన్నదానికి జవాబిస్తుంది. క్రీ.పూ. 53లో కారే యుద్ధంలో పార్థియన్లు రోమన్ సేనాని క్రాసస్ సైన్యాన్ని ఊచకోత కోసి రోమన్ ధ్వజాలను పట్టుకుపోయారు. క్రీ.పూ. 20లో ఆగస్టస్ వాటిని తిరిగి సంపాదించింది యుద్ధం చేసి కాదు, సంప్రదింపులతో. ఆ తర్వాత వేసిన వెండినాణేల మీద పార్థియన్ మోకాళ్ల మీద కూర్చుని ధ్వజం చాపుతాడు. ప్రిమా పోర్టాలో దొరికిన ఆగస్టస్ విగ్రహపు కవచం మీద పార్థియన్ నిలబడే ధ్వజం అందిస్తాడు, అటూ ఇటూ లొంగిన జాతులు స్త్రీరూపంలో కూలబడి ఉంటాయి. ఒకే సంఘటన, ఒకే వేషం. నాణెం చేతులు మారుతూ సామ్రాజ్యమంతా తిరుగుతుంది కాబట్టి దాని మీద మోకాలు వంగింది. కవచం మీది విస్తారమైన కూర్పులో నిలబడే వీలు చిక్కింది. రెండు చోట్లా ఒప్పందం లొంగుబాటుగానే మారింది. యూదయా సంగతీ అంతే. క్రీ.శ. 70లో జెరూసలేం పతనమయ్యాక వెస్పాసియన్ నాణేల మీద యూదయా ఖర్జూరపు చెట్టు కింద తలకు చేయి ఆనించి ఏడుస్తున్న స్త్రీ. హేడ్రియన్ నాణేల మీద అదే యూదయా, పిల్లలను వెంటబెట్టుకుని చక్రవర్తికి స్వాగతం పలుకుతున్న గృహిణి. ఆ హేడ్రియన్ పాలనలోనే 132–135 మధ్య యూదుల తిరుగుబాటును రోమ్ నెత్తురు పారించి అణచింది, ఆ ప్రాంతం పేరే మార్చేసింది. నేల మీద జరిగినదానికీ నాణెం మీది భంగిమకూ ఉన్న దూరం ఇది.

డేసియా ఉదాహరణ ఇంకా స్పష్టం. ట్రాజన్ నాణేల్లో డేసియా మొదట చేతులు కట్టేసిన బందీ. కొన్నేళ్లకే, అదే చక్రవర్తి నాణేల మీద, డేసియా బండమీద నిబ్బరంగా కూర్చున్న తల్లి. చేతిలో ధ్వజం, దగ్గర పిల్లలు, పంటకంకులు. జాతి మారలేదు, జయించినవాడు మారలేదు. శత్రుదేశం రాష్ట్రమైంది, దాంతో భంగిమ మారింది. హేడ్రియన్ తన పాలన చివరి ఏళ్లలో రాష్ట్రాల పేరిట వేయించిన నాణేల వరుసలో చక్రవర్తి చేయి చాపి మోకరిల్లిన రాష్ట్రాన్ని పైకి లేపుతుంటాడు. అతని స్మృతిలో క్రీ.శ. 145లో ప్రతిష్ఠించిన ఆలయానికి చెందిన శిల్పాల్లో రాష్ట్రాలు సంకెళ్లు లేని స్త్రీలుగా, తమతమ వేషాల్లో, నిలబడే ఉన్నాయి. రెండో గట్టువారు ఇక్కడ ఆగి 'చూశారా, సమానత్వం' అంటారు. నిలబడటం మోకరిల్లడం కన్నా మేలే, ఆ తేడాను తక్కువ చేయకూడదు. కానీ లేపే చేయి ఎవరిదో, లేవాల్సినవారు ఎవరో ముందే ఖరారైంది. బొమ్మలో కరుణ పెరిగిన కొద్దీ సంబంధం సడలలేదు, స్థిరపడింది.

ఈ భంగిమల భాష రాజధాని పుట్టించి దేశాల మీద రుద్దినదేనా? నేటి తుర్కియేలోని అఫ్రోడిసియాస్ నగరంలో 1979లో బయటపడిన సెబాస్టియోన్ ఈ ప్రశ్నను క్లిష్టం చేస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో స్థానిక గ్రీకు సంపన్నులు తమ డబ్బుతో చక్రవర్తుల గౌరవార్థం కట్టించిన ప్రాంగణం అది. అక్కడ క్లాడియస్ చక్రవర్తి బ్రిటన్‌ను, అంటే నేలకూలిన స్త్రీని, జుట్టు పట్టి వెనక్కి లాగుతుంటాడు. నీరో ఒరిగిపోతున్న ఆర్మేనియాను చంకల కింద పట్టుకుని ఉంటాడు. ఈ రెంటికీ నమూనా గ్రీకు పురాణంలోని అమెజాన్ స్త్రీల యుద్ధం. అంటే శిల్పి బ్రిటన్ స్త్రీని చూడలేదు, చూడనక్కర్లేదు, పాత కథలోని ఓడిన స్త్రీకి కొత్త పేరు పెట్టాడు. మరో వరుసలో యూదులు, ఈజిప్షియన్లు, అరబ్బులు, డేసియన్లు, స్పెయిన్ కొండజాతులు ఒక్కొక్క స్త్రీమూర్తిగా నిలబడ్డారు, కింద పీఠం మీద పేరు. గ్రీకులూ రోమ్‌కు లొంగినవారే. అయినా జయించినవాడి పక్కన నిలబడి మిగతా జాతులను చూడటానికి వాళ్లు ఇష్టపడ్డారు. పరాయివాడి బొమ్మ కేవలం పాలకుడి ఆయుధం కాదు. పాలితుల్లో కొందరు తాము ఆ వరుసలో లేమని చెప్పుకోవడానికి వాడుకున్న ఆధారం కూడా.

ఇక సాత్త్వికం. నా వాదనకు బలమైన అభ్యంతరం ఇక్కడే వస్తుంది. కాపిటొలైన్ మ్యూజియంలోని మరణిస్తున్న గాల్‌ను చూసి కదలనివారు ఉండరు. నగ్నదేహం, మెడలో కడియం, రొమ్ములో కత్తిపోటు, నేలకు ఆనిన చేతిమీద కొద్దికొద్దిగా జారుతున్న బరువు. దానికి జోడుగా చెప్పే మరో శిల్పంలో గాల్ వీరుడు భార్యను చంపి, ఆమె వాలిపోతుండగా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తన గొంతు కింద కత్తి దించుకుంటాడు. ఇవి క్రీ.పూ. 3వ శతాబ్దంలో పెర్గామమ్ రాజు మొదటి అట్టాలస్ గాల్‌ల మీద విజయానికి గుర్తుగా చేయించిన కంచు విగ్రహాలను అనుసరించి రోమన్ కాలంలో చెక్కినవని సాధారణ అభిప్రాయం. శత్రువు దుఃఖాన్ని ఇంత శ్రద్ధగా చెక్కిన కళను అహంకారమని ఎలా కొట్టిపారేస్తాం? కొట్టిపారేయకూడదు. కానీ ఆ గాంభీర్యం విజయగాథకు అడ్డు కాదు, దానికి కొలబద్ద. పిరికివాణ్ణి చంపినవాడికి కీర్తి రాదు. రావణుడి పాండిత్యాన్ని, పరాక్రమాన్ని ఎంత పెంచి చెబితే రాముడి గెలుపు అంత ఎత్తుకు వెళ్తుందని మన కథకులకు తెలుసు. ట్రాజన్ స్తంభం చివర చెట్టు కింద మోకాలి మీద ఒరిగి గొంతు కోసుకుంటున్న డెసెబాలస్, అతన్ని పట్టుకోవడానికి చేయి చాపుతున్న రోమన్ రౌతు ఆ కొలతలోనివారే.

ఇంతవరకు చెప్పి ఆగితే శిల్పులకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. చేయించినవాడి ఉద్దేశం ఒకటైనా, ఉలి పట్టినవాడి చూపు దాన్ని దాటిపోవచ్చు. 2వ శతాబ్దం చివర చెక్కిన మార్కస్ అరేలియస్ స్తంభం చూడండి. డాన్యూబ్ ఆవలి తెగలతో చేసిన యుద్ధాల కథ అది. మండుతున్న గుడిసెలు, జుట్టు పట్టి ఈడ్చుకుపోతున్న స్త్రీలు, వరుసగా తలలు నరికించుకుంటున్న బందీలు. ట్రాజన్ స్తంభంలోనూ తెగిన తలలు ఉన్నాయి, కానీ యుద్ధం అక్కడ చాలావరకు క్రమశిక్షణగా, కోటలు కట్టే పనిగా కనిపిస్తుంది. ఇక్కడ ముఖాల్లో నోళ్లు తెరుచుకున్నాయి, కళ్లు లోతుగా తొలిచారు. ఇది శత్రువు మీద జాలా, లేక శిక్ష పూర్తయిందన్న తృప్తా అన్న తగవు ఇంకా తీరలేదు. నాకు తోచేది ఇది: రోమన్ ప్రేక్షకుడు దీన్ని న్యాయమైన శిక్షగా చదివి ఉండవచ్చు, అయినా బిడ్డను పట్టుకుని వెనక్కి తిరిగి చూసే తల్లి ముఖం ఆ చదువుకు పూర్తిగా లొంగదు. సాత్త్వికం మిగతా రెండు అభినయాల కన్నా పాలకుడి చేతికి తక్కువ చిక్కుతుంది. ఈ శిల్పాలు నేటికీ బతికి ఉండటానికి కారణం అదే.

రెండో అభ్యంతరం వర్ణం గురించి. అమెరికన్ పండితుడు ఫ్రాంక్ స్నోడెన్ 1970లో వెలువరించిన గ్రంథంలో గ్రీకు, రోమన్ లోకాల్లో నల్లవారి చిత్రణను విస్తారంగా పరిశీలించి, ఆధునిక కాలపు వర్ణద్వేషం అక్కడ లేదని వాదించారు. 2004లో బెంజమిన్ ఐజాక్ వేరే దారిలో వెళ్లి, శీతోష్ణాల వల్లా పుట్టుక వల్లా జనాల గుణాలు స్థిరపడతాయన్న పురాతన నమ్మకాల్లో జాతివివక్షకు తొలిరూపాలు ఉన్నాయని చూపారు. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేయవు. బెర్లిన్‌లోని ఒక పాలరాతి శిరస్సును గ్రీకు సంపన్నుడు హెరోడెస్ అట్టికస్ పెంచి చదివించిన మెమ్నోన్‌దిగా గుర్తిస్తారు. అందులో ఆఫ్రికా యువకుడి ముఖాన్ని ఏ రోమన్ పెద్దమనిషికీ తీసిపోని శ్రద్ధతో చెక్కారు. కానీ పాంపేయీ ఇళ్లలోకి వెళ్తే మరో లోకం. మెనాండర్ గృహపు స్నానశాల నేల మీద నీళ్లపాత్రలు మోస్తున్న నల్లని పరిచారకుడు, తోటగోడల మీద నైలునదిలో మొసళ్లతో తంటాలు పడే మరుగుజ్జులు. అక్కడ యుద్ధం లేదు, విజయం లేదు, ఇంటివారి నవ్వు కోసం, దిష్టి తీయడం కోసం పరాయి దేహం ఉంది. చట్టంలో వర్ణభేదం లేకపోవడం నిజం. వినోదంలో, ఊడిగంలో పరాయి దేహం అలంకారంగా మారడమూ నిజం. రాజకీయ శిల్పాల మీదే చూపు నిలిపితే ఈ ఇంటి బొమ్మలు జారిపోతాయి.

మూడో అభ్యంతరం: అన్ని నాగరికతలూ ఇదే చేశాయి, రోమ్‌ను ప్రత్యేకంగా నిలదీయడం ఎందుకు? ఇరాన్‌లోని నక్ష్-ఎ-రొస్తమ్ కొండ మీద సాసానియన్ రాజు మొదటి షాపూర్ గుర్రమెక్కి ఉంటాడు. అతని ముందు ఒక రోమన్ చక్రవర్తి మోకాలు వంచి వేడుకుంటాడు. మరొకడి మణికట్టును షాపూర్ చేత్తో పట్టుకున్నాడు. వాళ్లు ఫిలిప్, క్రీ.శ. 260లో బందీ అయిన వలేరియన్ అని ఎక్కువమంది గుర్తిస్తారు. రోమ్ నేర్పిన మోకాలే రోమ్‌కు తిరిగి వచ్చింది. మన నాగార్జునకొండలోనూ ఇక్ష్వాకుల కాలపు స్తంభం మీద శకదేశీయుడి వేషంలో కాపలావాడు ఉన్నాడు. టోపీ, అంగీ, లాగు, చేతిలో బల్లెం. కానీ అతను మోకరిల్లలేదు, కొలువులో నిలబడ్డాడు. అంటే వేషం చూసి జాతిని గుర్తించడం అందరిలోనూ ఉంది. భంగిమ మాత్రం ఒక్కో చోట ఒక్కో సంబంధాన్ని చెబుతుంది. పోలిక రోమ్‌కు మినహాయింపు ఇవ్వదు. ఏం అడగాలో మరింత స్పష్టం చేస్తుంది. రోమ్ ప్రత్యేకత వేరే చోట ఉంది. దాని హద్దు లోపలికీ బయటికీ కదులుతూ పోయింది. నిన్నటి బందీ కొడుకు రేపటి సైనికుడై అదే శిల్పభాషను తన కోసం చెక్కించుకునే వీలు ఏర్పడింది.

ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో 1928లో దొరికిన సమాధిరాయి ఈ కదలికను కళ్లకు కడుతుంది. కవచం తొడిగిన రౌతు గుర్రం మీద ఉంటే, డెక్కల కింద నగ్నంగా ముడుచుకున్న బర్బరుడు. రౌతు లాంగినస్, తండ్రి మాటిగస్, ఊరు సార్డికా, అంటే నేటి బల్గేరియాలోని సోఫియా. థ్రేసియన్ అశ్విక దళంలో 15 ఏళ్లు పనిచేసి 40వ ఏట పోయాడు. థ్రేసియన్లు కూడా రోమ్ దృష్టిలో బర్బరులే. ఆ రాయి మీద లాంగినస్‌కు పేరుంది, తండ్రి ఉన్నాడు, ఊరు ఉంది. కింద నలిగినవాడికి ఏదీ లేదు. రోమన్ కావడమంటే పేరు చెక్కించుకునే హక్కు, మరొకణ్ణి పేరులేనివాడిగా చెక్కించే హక్కు. గ్రీసులో ఫిలిప్పీ దగ్గర దొరికిన క్లాడియస్ మాక్సిమస్ రాయీ ఇలాంటిదే. డెసెబాలస్‌ను పట్టుకుని అతని తలను ట్రాజన్‌కు చేర్చింది తానేనని ఆ రౌతు బతికుండగానే చెక్కించుకున్నాడు. ట్రాజన్ స్తంభం మీద పేరు లేకుండా మిగిలిన ఒక చాచిన చేయి ఇక్కడ తన పేరు చెప్పుకుంది. డెసెబాలస్ పేరు కూడా ఆ రాతి మీద ఉంది, పట్టుకున్నవాడి ఘనతల జాబితాలో.

సాహిత్యం పరాయివాడికి మాట ఇవ్వలేదా అని అడగవచ్చు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తన మామగారు అగ్రికోలా జీవితచరిత్రలో కలెడోనియన్, అంటే నేటి స్కాట్లండ్ ప్రాంతపు, నాయకుడు కాల్గాకస్ చేత రోమన్ దోపిడీని ఎండగట్టే ప్రసంగం చేయించాడు. అది గొప్ప ధైర్యమే. కానీ ఆ ప్రసంగం లాటిన్ వాక్చాతుర్యంలో, రోమన్ పాఠకుడి మనస్సాక్షి కోసం నడుస్తుంది. పాత్ర కలెడోనియన్, గొంతు టాసిటస్‌ది. పరాయివాడి సొంత వాచికం వినాలంటే పరాయివాడే డబ్బిచ్చి చేయించుకున్న రాళ్ల దగ్గరికి వెళ్లాలి. సిరియాలోని పాల్మైరా వర్తకులు తమ సమాధుల్లో కుట్టుపని చేసిన పార్థియన్ లాగులు, అంగీలు తొడుక్కుని విందులో ఆనుకుని కూర్చున్నారు, పక్కన తమ లిపిలో తమ వంశం. రోమ్ తోరణాల మీద ఓటమికి గుర్తయిన లాగు ఇక్కడ సంపదకు గుర్తు. వేషం అదే. చెప్పేవాడు మారగానే అర్థం మారింది.

సామ్రాజ్యం వయసు మీదపడ్డాక ఈ తేడా ఇంకా చిక్కుపడింది. క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి స్వేచ్ఛాజీవులైన దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. అప్పటి నుంచి చట్టం ప్రకారం పరాయివాడు చాలావరకు సరిహద్దు ఆవలే మిగిలాడు. కానీ శిల్పం అంత త్వరగా మారలేదు. 390 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో నిలబెట్టిన థియోడోసియస్ స్తంభపీఠం మీద కానుకలు తెచ్చిన బర్బరులు ఎప్పటిలాగే మోకరిల్లారు. వాండల్ తండ్రికి పుట్టిన స్టిలికో మరికొన్నేళ్లకే పశ్చిమ సామ్రాజ్యానికి సేనాధిపతి. మోంజాలోని దంతఫలకం మీద ఉన్నది అతనేనని భావిస్తారు. అందులో అతను పూర్తిగా రోమన్ ఉన్నతాధికారి వేషంలో, ఈటె, డాలు పట్టుకుని నిలబడ్డాడు. మోకరిల్లేవాడూ సామ్రాజ్యాన్ని కాపాడేవాడూ ఒకే ప్రపంచం నుంచి వస్తున్నా, బొమ్మల్లో వాళ్లిద్దరి మధ్య గోడ అలాగే ఉంది. కాన్‌స్టాంటైన్ తోరణం మీద పాత డేసియన్లు ఇమిడిపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ కావలసింది ఒక జాతి కాదు, చేతులు కట్టుకున్న ఒక సంబంధం. అందుకే తలలు ఎవరివైనా సరిపోయాయి.

ఈ సమీక్ష నుంచి తేలేది, ఏ మ్యూజియంలోనైనా ఇలాంటి బొమ్మ ముందు నిలబడినప్పుడు అడగాల్సిన ప్రశ్నల వరుస. వేషం ఎవరని చెబుతోంది? భంగిమ ఏ సంబంధాన్ని కోరుతోంది? ముఖంలోని భావం ఆ కోరికకు లొంగిందా, దాటిందా? మాట ఎవరిది? నాలుగో ప్రశ్న అడగనంతకాలం మొదటి మూడింటికీ పాలకుడి జవాబే మన జవాబవుతుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో టైన్ నది ముఖద్వారం దగ్గరున్న సౌత్ షీల్డ్స్‌లో ఆ నాలుగో ప్రశ్నకు జవాబిచ్చే రాయి ఉంది. పాల్మైరా నుంచి వచ్చిన బారాటెస్ తన భార్య రెజీనా కోసం పెట్టించిన సమాధిరాయి అది. ఆమె బ్రిటన్‌లోని కాటువెల్లౌనీ తెగ స్త్రీ, ఒకప్పుడు అతని బానిస, అతనే విడిపించి పెళ్లాడాడు, 30వ ఏట చనిపోయింది. అఫ్రోడిసియాస్‌లో నేలకూలిన బ్రిటన్ స్త్రీ ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో కదురు, ఒక పక్క ఊలుబంతుల బుట్ట, మరో పక్క నగలపెట్టె. ఆమె ముఖం విరిగిపోయింది, దానికి ఎవరూ కొత్త ముఖం అతికించలేదు. పైన లాటిన్‌లో లోకానికి చెప్పాల్సిన వివరాలన్నీ ఉన్నాయి. వాటి కింద పాల్మైరా లిపిలో ఒక చిన్న పంక్తి ఆమె పేరు చెప్పి, అయ్యో అని ముగుస్తుంది. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగినవాళ్లు ఎందరుంటారు? అయినా బారాటెస్ దాన్ని తన భాషలోనే చెక్కించాడు. రోమ్ చెవికి 'బర్ బర్' మన్న శబ్దం ఆ పంక్తిలో ఒక మనిషి దుఃఖమై నిలిచింది.